విరిగినవి నాలుగు, సిమెంటు వేసింది రెండు

ఆవిడకి 59 ఏళ్లు. ఊరు వశిష్ఠకీ వైనతేయకీ మధ్య ఉన్న లంకల్లో ఒకటి, పేరు రాయడం లేదు. కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్లు కట్టడం ఆవిడ పని. రోజుకి ఆరేడు గంటలు నేల మీద కూర్చుని, ముందుకి వంగి చేయాలి. ఆవిడా, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన వాళ్ల అమ్మాయీ ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వైద్యం వివరాలు మార్చలేదు, నా పొరపాటుతో సహా.

సంక్రాంతి వెళ్లిన వారానికి, నీళ్ల బిందె చంకకెత్తుకోబోతుంటే నడుము పైన “లోపలేదో పుటుక్కుమన్నట్టయిందండి” అని చెప్పింది. ఆ రాత్రి నుంచి పక్క మీద ఇటు నుంచి అటు తిరగలేకపోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేశాడు. మర్నాడు కాస్త తేలికపడింది. మళ్లీ మొదలైంది, మళ్లీ ఇంజెక్షన్. అలా మూడు నెలల్లో ఎన్ని పడ్డాయో ఎవరికీ లెక్క లేదు. మధ్యలో టౌన్లో ఒకచోట చూపిస్తే అరుగుదల అన్నారు, బెల్టు ఇచ్చారు.

నేను స్పైన్ సర్జన్‌ని. నా దగ్గరికి ఏప్రిల్ మధ్యలో వచ్చింది. ఎక్స్‌రేలో డి12, ఎల్1 పూసలు (డి అంటే ఛాతీ వెనక పూసలు, ఎల్ అంటే నడుము పూసలు) ముందువైపు నలిగి ఉన్నాయి. ముట్లు ఆగి పదేళ్లు దాటిన, 46 కిలోల మనిషి. ఎముకలు గుల్లబారాయి అనుకున్నాను. ఓపీలో ఆ వేళకి నలభై మంది ఉన్నారు. క్యాల్షియం మాత్రలు, వారానికొక విటమిన్ డి, ఎముక బలానికి వారానికొకసారి వేసుకునే మాత్ర, మంచి బెల్టు రాసి పంపించేశాను.

ఆ రోజు ఆవిడ మూడు మాటలు చెప్పింది. అవి నా చీటీలోనే ఉన్నాయి, అంటే చెవిన పడ్డాయి, బుర్రలోకి ఎక్కలేదు. ఒకటి, కదలకుండా పడుకున్నా రాత్రిపూట నొప్పి నిద్రలేపుతోంది. రెండు, పది అడుగులేస్తే ఆయాసం వస్తోంది. మూడోది నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటుంది: “ఎప్పట్లాగే కట్టుకుంటున్నానండి, కానీ చీర నేల మీద జీరాడుతోంది.” మనిషి పొట్టి అయిపోతోందన్నమాట. రెండు పూసలు కాస్త నలిగితే చీర జీరాడేంత ఎత్తు తగ్గదు. ఇంకెక్కడో కూడా విరిగాయని ఆవిడ చీరే చెబుతోంది. కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగా ఉంది. మా వైపు ఆడవాళ్లలో రక్తం తక్కువ లేనిదెవరికి అని సరిపెట్టుకున్నాను. రక్తపరీక్ష రాయలేదు.

ఇరవై రోజులకి 108లో వచ్చింది. మగతగా ఉంది. ఆరు రోజులుగా విరేచనం లేదు. ఒకటే దాహం, వాంతులు. “మీరిచ్చిన మందులు పడలేదేమోనండి” అన్నాడు వాళ్లాయన, నన్ను నొప్పించకుండా చెప్పాలని. నిజంగానే పడలేదు. హిమోగ్లోబిన్ 7.8. ఈఎస్‌ఆర్ గంటకి 128. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4కి పెరిగింది. టోటల్ ప్రొటీన్ 10.4, అందులో అల్బుమిన్ 2.9 మాత్రమే, మిగతాది గ్లోబ్యులిన్ అనే ఇంకో రకం ప్రొటీన్. క్యాల్షియం 12.4, అల్బుమిన్ తక్కువగా ఉన్నందుకు సరిచేసి లెక్కిస్తే 13.3. అంత క్యాల్షియం ఉన్న మనిషికి నేను రోజూ రెండు పూటలా క్యాల్షియం మాత్రలు వేయించాను. ఆ క్యాల్షియం ప్రధానంగా ఎముకలు కరిగి వచ్చిందే, మాత్రల వల్ల పుట్టింది కాదు. అయినా నిప్పు నేను పెట్టకపోయినా ఊదింది నేనే.

ల్యాబ్‌లో స్లైడ్ చూసిన అమ్మాయి ఫోన్ చేసి, “సార్, ఎర్రకణాలు రూపాయి బిళ్లలు దొంతర పెట్టినట్టు అతుక్కుని ఉన్నాయి” అంది. రక్తంలో గ్లోబ్యులిన్ మితిమీరితే అలా కనబడతాయి. రక్తంలో ప్రొటీన్లని విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఎమ్ బ్యాండ్ వచ్చింది, అంటే ఒకే రకం ప్రొటీన్ గుట్టగా కనబడింది, ఐజీజీ కప్పా రకం. మూలుగ పరీక్షలో ప్లాస్మా కణాలు 45 శాతం. మల్టిపుల్ మైలోమా, అంటే మూలుగలోని ఆ ప్లాస్మా కణాలకి వచ్చే క్యాన్సర్.

ఒక్క విషయం దగ్గర ఆగాలి. ఆవిడ మూత్రం మామూలు స్ట్రిప్‌తో చూస్తే ప్రొటీన్ ‘ట్రేస్’ అనే వచ్చింది. ఆ స్ట్రిప్ అల్బుమిన్‌ని పట్టుకుంటుంది, మైలోమా కణాలు వదిలే లైట్ చెయిన్లు అనే చిన్న ప్రొటీన్లని సరిగ్గా పట్టుకోదు. కిడ్నీ గొట్టాల్లో గడ్డకట్టి అడ్డుపడేవి ఆ లైట్ చెయిన్లే. అలాంటి కిడ్నీ మీద డైక్లోఫెనాక్ పడితే ఏమవుతుందో ఆవిడ క్రియాటినిన్ చెప్పింది. నడుము నొప్పికి సూది వేసే ఆర్‌ఎంపీని తప్పుపట్టడం తేలికే. ఎక్స్‌రే చేతిలో పెట్టుకుని మూడు వారాలు పోగొట్టిన స్పైన్ సర్జన్ నోటి నుంచి ఆ మాట వస్తే బాగుండదు.

మైలోమాలో ఎముక ఎందుకు విరుగుతుందో మా లంకల మనిషికి చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. నది ఒక ఒడ్డుని కోస్తుంది, ఇంకో ఒడ్డున మేట వేస్తుంది. మన ఎముకల్లోనూ రోజూ జరిగేది అదే. పాతదాన్ని తినే కణాలుంటాయి, కొత్తది కట్టే కణాలుంటాయి. మైలోమా కణాలు తినేవాటిని రెచ్చగొడతాయి, కట్టేవాటి చేతులు కట్టేస్తాయి. కోత ఉంటుంది, మేట ఉండదు. అందుకే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే రక్తపరీక్ష చాలామందిలో మామూలుగానే వస్తుంది, బోన్ స్కాన్ కూడా మోసం చేయవచ్చు. ఆ రెండూ చూసేది మేటనే. వాళ్లాయన ఇదంతా విని, “మరి అడ్డుకట్ట ఎయ్యాలి కదండీ” అన్నాడు. వెయ్యాలి. కానీ ముందు మనిషి నిలబడాలి.

ఈ జబ్బు గురించి వైద్యులు రాసుకున్న తొలి కేసుల్లో ఒకటి కూడా ఇలాంటి చప్పుడుతోనే మొదలైంది. 1844లో లండన్ వ్యాపారి థామస్ మెక్‌బీన్ సెలవులకి వెళ్లి, భూగర్భ గుహలోంచి పైకి దూకుతుంటే ఛాతీ లోపల ఏదో తెగినట్టు అనిపించింది. మరుసటి ఏడాది ఆయన మూత్రంలోని ప్రొటీన్‌ని పరీక్షించిన హెన్రీ బెన్స్ జోన్స్ పేరే దానికి పెట్టారు. పైన చెప్పిన లైట్ చెయిన్లు అవే. 1846 జనవరి 1న మెక్‌బీన్ చనిపోయాడు. ఆయనకి రక్తం తీయించడం, జలగలు పట్టించడం లాంటి వైద్యాలు జరిగాయి. మా ఆవిడకి డైక్లోఫెనాక్ పడింది.

మొదటి వారం నా పని ఏమీ లేదు. కిడ్నీ డాక్టరు, క్యాన్సర్ డాక్టరు నడిపించారు. సెలైన్ ధారాళంగా పెట్టారు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. కిడ్నీ ఆ స్థితిలో ఉండగా ఎముక కరగకుండా ఆపే జోలెడ్రానిక్ యాసిడ్ వద్దనుకుని, క్యాల్షియం దించడానికి డెనోసుమాబ్ ఒక డోసు ఇచ్చారు. మైలోమా కణాల్ని చంపే బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ కూడా ఆ వారంలోనే పడింది, ఎందుకంటే లైట్ చెయిన్లు తగ్గితే తప్ప కిడ్నీ కోలుకోదు. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. నొప్పికి మార్ఫిన్ అనుకున్నాం గానీ, కిడ్నీ పాడైనప్పుడు దాని అవశేషాలు ఒంట్లో పేరుకుని మనిషిని మత్తులో ముంచేస్తాయి. అందుకని ఫెంటనిల్ ప్యాచ్, పారాసిటమాల్. క్యాల్షియం 9.6కి, క్రియాటినిన్ 1.5కి దిగాయి. మగత పోయి మనిషి స్పష్టంగా మాట్లాడడం మొదలుపెట్టింది. మొదట అడిగింది నొప్పి గురించే. ప్యాచ్ ఉన్నా, పక్కకి తిప్పితే పదికి తొమ్మిది.

ఎమ్మారై తీస్తే విరిగినవి నాలుగని తేలింది: డి9, డి12, ఎల్1, ఎల్3.

నేను ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇక్కడి నుంచే. వీడియో కాల్‌లో కువైట్ నుంచి అమ్మాయి అంది: “డాక్టరు గారూ, నాలుక్కీ ఒకేసారి సిమెంటు వేసేయండి. అమ్మని మళ్లీ మళ్లీ పంటు మీద గోదావరి దాటించి తేలేం. డబ్బు సంగతి నేను చూసుకుంటాను.” సిమెంటు అంటే విరిగిన పూసలోకి సూదితో నింపితే లోపల గట్టిపడే ఎముక సిమెంటు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. విరిగింది కనబడుతోంది, నింపేది ఉంది, నింపేయొచ్చు కదా! కొంతమంది సర్జన్లకీ అలాగే అనిపిస్తుంది.

కానీ ఫిల్ములో విరిగినవన్నీ నొప్పి పెట్టవు. కొన్ని ఎప్పుడో నలిగి, అక్కడికక్కడ సర్దుకుని, మూగగా ఉండిపోతాయి. వాటిలో సిమెంటు నింపితే నొప్పి తగ్గేది లేదు, ఎందుకంటే తగ్గడానికి నొప్పే లేదు. మిగిలేది రిస్కు: సిమెంటు కారడం, కొవ్వూ మూలుగా రక్తంలో కలిసి ఊపిరితిత్తులకి పోవడం. ఒక్క సిట్టింగ్‌లో ఎన్ని పూసలు చేస్తే ఆ భయం అంత పెరుగుతుంది. నేను మామూలుగా మూడు దాటను.

గుల్లబారిన ఎముక అయితే ఎంపిక సులువు. ఎమ్మారైలో నీరు పట్టి తెల్లగా మెరిసేది కొత్తది, నల్లగా ఉన్నది పాతది. మైలోమాలో ఆ లెక్క సగమే పనిచేస్తుంది. జబ్బు కణాలు నిండిన పూస విరగకపోయినా మెరుస్తుంది. ఆవిడ ఫిల్ములో మూడు మెరుస్తున్నాయి: డి9, డి12, ఎల్3. ఎల్1 నల్లగా ఉంది.

అందుకని పాతకాలపు పద్ధతే. ఆవిడని పక్కకి పడుకోబెట్టి, వెన్ను మీద ఒక్కో పూసనీ వేలితో నొక్కుతూ, పిడికిలి పక్కతో మెల్లగా తడుతూ పైనుంచి కిందికి దిగాను. డి9 దగ్గర ఏమీ అనలేదు. డి12 దగ్గర “అమ్మో” అని మంచం రెయిలింగు పట్టుకుంది. ఎల్1 దగ్గర పర్వాలేదంది. ఎల్3 దగ్గర మళ్లీ ఒళ్లు బిగిసింది. సి-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే యంత్రం కింద పెన్నుతో గుర్తు పెట్టి, నేను తట్టింది ఆ పూసనే అని సరిచూసుకున్నాను, ఎందుకంటే ఒంగిపోయిన వీపు మీద చేతి లెక్క ఒక పూస అటూ ఇటూ తప్పుతుంది. మర్నాడు పొద్దున, నిన్నటి కాగితం చూడొద్దని చెప్పి, జూనియర్‌తో మళ్లీ చేయించాను. అవే రెండూ.

సీటీలో ఇంకో చిక్కు కనబడింది. డి12 వెనక గోడ బాగానే ఉంది. ఎల్3 వెనక గోడని జబ్బు ఒకచోట తినేసింది. అంటే సిమెంటు వెన్నుకాలువలోకి కారే దారి తెరిచే ఉంది. ఎల్3ని రేడియేషన్‌కి వదిలేద్దామా అన్న చర్చ వచ్చింది. 8 గ్రే (రేడియేషన్ కొలత) ఒక్క డోసుతో కూడా మైలోమా నొప్పి బాగానే తగ్గుతుంది. కాకపోతే పూర్తి ఫలితం రావడానికి వారాలు పట్టవచ్చు, విరిగిన పూసకి అది ఆసరా ఇవ్వదు. పైగా ఈవిడ వయసుకి ముందుముందు ఆవిడ మూలకణాలే తీసి మళ్లీ ఎక్కించే మూలకణ మార్పిడి మాట రావచ్చు, ఆ కణాలు పుట్టే మూలుగని ఇప్పుడే కాల్చడం క్యాన్సర్ డాక్టరుకి ఇష్టం లేదు. కాళ్లలో బలం, స్పర్శ, మూత్రం మీద అదుపు అన్నీ సరిగ్గా ఉన్నాయి. వెన్నుపాము నొక్కుకుపోతుంటే కథే వేరు, అప్పుడు సిమెంటు మాటే ఎత్తను. ఇంకో ధైర్యం ఏమిటంటే, వెన్నుపాము ఎల్1 దగ్గరికే ఆగిపోతుంది. ఎల్3 దగ్గర ఉండేవి నరాల కట్టలే, వాటికి పక్కకి జరిగే చోటుంటుంది. అందుకని డి12, ఎల్3 రెండింటికీ బెలూన్ కైఫోప్లాస్టీ, అంటే పూస లోపల బెలూన్ ఉబ్బించి ఆ చోట సిమెంటు నింపడం, చేద్దామనుకున్నాం.

ఈ వైద్యం పనిచేస్తుందా అని చదువుకున్నవాళ్లు అడుగుతుంటారు, అడగాలి కూడా. 2009లో వచ్చిన రెండు పరిశీలనల్లో, గుల్లబారి విరిగిన పూసలకి సిమెంటు వేసినవాళ్లకీ, వేసినట్టు నటించినవాళ్లకీ నొప్పిలో పెద్ద తేడా కనబడలేదు. అది క్యాన్సర్ లేనివాళ్ల సంగతి. క్యాన్సర్ ఉన్నవాళ్లలో, మైలోమాతో సహా, 134 మందిని తీసుకుని చేసిన పరిశీలన 2011లో వచ్చింది. 24 పాయింట్ల నడుము కొలమానం మీద నెల తిరిగేసరికి కైఫోప్లాస్టీ జరిగినవాళ్ల ఇబ్బంది 17.6 నుంచి 9.1కి పడింది, మందులతోనే ఉంచినవాళ్లది 18.2 నుంచి 18.0 దగ్గరే ఉండిపోయింది. ఇందులో నటించిన వైద్యం లేదు, ఎవరికి ఏమి జరిగిందో అందరికీ తెలుసు. ఖర్చు పెట్టింది పరికరం చేసే కంపెనీ. ఇవన్నీ తీసేసినా నా అనుభవానికి అది దగ్గరగానే ఉంది. నొప్పి పెట్టే పూసని సరిగ్గా పట్టుకుంటేనే, అది మాత్రం.

మే చివర్లో చేశాం. ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు. బోర్టెజోమిబ్ వాటిని తగ్గిస్తుంది కాబట్టి ఆ పొద్దునే మళ్లీ చూశాం. బోర్లా పడుకోబెట్టడమే పెద్ద పని. ఇలాంటి మనిషిని నలుగురు ఒకేసారి తిప్పాలి, ఛాతీ కిందా తుంటి కిందా మెత్తలు పెట్టాలి. ఆదమరిస్తే టేబుల్ మీదే పక్కటెముక విరుగుతుంది. తోలు దగ్గర మత్తు, కొంచెం నిద్రమందు. పూర్తి మత్తు ఇవ్వలేదు, కాళ్లు కదుపుతూ మాట్లాడుతుంటే నాకూ ధైర్యం.

పూసకి వెనకవైపు రెండు పక్కలా ఉండే కాడల్లోంచి సూదులు దింపాం. ముందు ముక్క తీసి బయాప్సీకి పంపాం. జబ్బు తెలిసినా నేను ఇది మానను. బెలూన్ ఉబ్బిస్తే డి12 కొంచెం లేచింది, ఎక్కువేమీ కాదు. నాలుగు నెలల కిందట విరిగిన పూస, అంతకన్నా ఆశపడకూడదు. బెలూన్ వల్ల అసలు లాభం నా దృష్టిలో ఎత్తు కాదు, లోపల గది ఏర్పడడం. ఆ గదిలోకి చిక్కటి సిమెంటుని తక్కువ ఒత్తిడితో నింపవచ్చు.

ఆ చిక్కదనం దగ్గరే పనితనమంతా. పొడీ ద్రవం కలిపిన కొత్తలో సిమెంటు పూతరేకుల పిండిలా జారుతుంది. అప్పుడు తొందరపడితే దొరికిన సిరలోకల్లా పరిగెడుతుంది. ఎక్కువ ఆగితే సూదిలోనే రాయి అవుతుంది. తీగపాకం దాటి ఉండపాకం వచ్చేదాకా ఆగాలి. మా థియేటర్ సిస్టరు గ్లవ్ మీద చిన్న ముద్ద పెట్టుకుని వేలితో లాగి చూస్తుంది. “ఇంకో నిమిషం సార్” అని ఆవిడ అంటే నేను ముట్టుకోను. డి12లోకి 3.5 మిల్లీలీటర్లు వెళ్లింది. ఎల్3లో కొంచెం కొంచెంగా, ప్రతి అరమిల్లీలీటరుకీ పక్క నుంచి ఫిల్ము చూస్తూ నింపాం. 2.5 దగ్గర వెనకవైపు సన్నటి గీత కదిలినట్టు కనబడింది. ఆపేశాం. నిమిషంన్నర ఆగి చూస్తే గీత అక్కడే ఉంది, కాళ్లు బాగానే కదుపుతోంది. ఇంకో మిల్లీలీటరుకి చోటుంది. వదిలేశాం. పూస నిండాలని ఎక్కడా లేదు. నింపిన మేరకి నొప్పి తగ్గుతుందన్న లెక్క కూడా లేదు.

నాలుగు గంటల తర్వాత పక్కకి తిప్పితే నొప్పి పదికి నాలుగు. రెండో రోజు పొద్దున గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్లింది. ఫెంటనిల్ ప్యాచ్ వారంలో తీసేశాం. వాళ్లాయన నా చేతులు పట్టుకున్నాడు. నాకు కాస్త సిగ్గేసింది, ఏప్రిల్‌లో నేను రాసిన చీటీ కూడా ఆయన సంచీలోనే ఉంది.

ఇంటికెళ్లేటప్పుడు చెప్పినవి: నేల మీద కూర్చోవద్దు, ఎత్తుపీట వాడాలి. బిందె మొయ్యవద్దు. చీపుళ్ల పని ఇక లేదు. మడతమంచం తీసి బల్ల మంచం వెయ్యండి. నొప్పొస్తే పారాసిటమాల్, సూదులు మాత్రం ఎవరు చెప్పినా వద్దు. ఆ చివరి ముక్క తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఆర్‌ఎంపీకి చూపించమన్నాను. అతను మర్నాడే ఫోన్ చేశాడు. అప్పటి నుంచి ముసలివాళ్ల నడుము నొప్పి మూడు వారాలు దాటితే రక్తం తీయించి ఆ కాగితం నాకు వాట్సాప్ చేస్తున్నాడు. హిమోగ్లోబిన్, ఈఎస్‌ఆర్, క్యాల్షియం, క్రియాటినిన్, ప్రొటీన్ అల్బుమిన్. ఎమ్మారై ఖర్చులో అవి చిన్న వంతు. నేను రాయాల్సినవి అవే.

కిడ్నీ కోలుకున్నాక మైలోమాకే ఇంకో మందు, లెనాలిడోమైడ్ కలిపారు, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ చిన్న డోసుతో. కదిలే పళ్లు రెండు తీయించి, చిగుళ్లు మానాకే జోలెడ్రానిక్ యాసిడ్ మొదలైంది. ఎముక మందు మీద ఉండగా పన్ను పీకితే దవడ ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది. జూలైలో వరద భయం పట్టుకుంది. బోర్టెజోమిబ్ వారానికొకటి, పంటు ఆగిపోతే మనిషి రాలేదు. ధవళేశ్వరం దగ్గర నీళ్లు మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి దగ్గరపడుతున్నాయని టీవీలో రాగానే టౌన్లో ఆడపడుచు ఇంటికి వచ్చేయమని ముందే మాట తీసుకున్నాం. రెండుసార్లు అలా వచ్చింది. ఒక్క డోసూ తప్పలేదు.

సెప్టెంబరులో ఒక రాత్రి అమ్మాయి ఫోన్: “సిమెంటు కదిలిందేమోనండి, అమ్మకి మళ్లీ మొదటి రోజుల్లాగే ఉందట.” వీపు కుడిపక్క నుంచి పొట్ట దాకా మంట, బట్ట తగిలినా ఓర్చుకోలేకపోతోంది. కొత్త పూస విరిగిందేమో, నరం నొక్కుకుందేమో అని నాకూ టెన్షన్ పట్టుకుంది. మర్నాడు ఎమ్మారైకి పంపబోతూ జాకెట్టు పైకి తీయమన్నాను. నడుము చుట్టూ పటకా కట్టినట్టు సగం దాకా ఎర్రటి పొక్కులు. సర్పి. బోర్టెజోమిబ్‌తో ఇది వస్తుందనే ఏసైక్లోవిర్ మాత్ర రోజూ రాసి ఉంచారు. “మాత్రలు ఎక్కువైపోయాయని చిన్నది మానేశానండి” అంది. ఎమ్మారై రద్దు చేసి, మందు మొదలుపెట్టాం. మంట ఆరు వారాలు సాగింది. పూసలు విరిగిన నొప్పికన్నా అదే ఎక్కువ ఏడిపించిందంటుంది.

ఇప్పుడు ఎమ్ బ్యాండ్ కనబడీ కనబడనట్టుంది. హిమోగ్లోబిన్ 11. మూలకణ మార్పిడికి విశాఖ వెళ్లే విషయం ఇంట్లో ఇంకా తేలలేదు. ఎత్తు మళ్లీ రాలేదు, రాదు కూడా. కట్టు నడుము దగ్గర రెండు వేళ్లు ఎక్కువ పైకి దోపుకుంటే చీర జీరాడడం లేదని ఆవిడే చెప్పింది.

పోయిన నెల అమ్మాయి సెలవుకి వచ్చి, స్కాన్ ఫిల్ము వెలుగుకి పట్టుకుని అడిగింది: “ఈ రెండూ ఇంకా విరిగే ఉన్నాయి కదండీ, ఇప్పుడన్నా వేసేయకూడదా?” డి9నీ ఎల్1నీ మళ్లీ వేలితో నొక్కి చూశాను. “నెప్పి లేదండి” అంది వాళ్లమ్మ. వద్దన్నాను.